మళ్లీ బాప్తిస్మం పొందాలా? ఆ మాట మొదట విన్నవాళ్లు ఏం విన్నారు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు కథోలిక ఇంట్లో పుట్టారు. మూడో నెలలో గుడికి తీసుకెళ్లి మీకు జ్ఞానస్నానం ఇప్పించారు. ఇప్పుడు అత్తగారి వాళ్లది బాప్తిస్టు సంఘం. నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకుంటేనే ప్రభువు బల్లలో చేయి వేయనిస్తామంటున్నారు. "బైబిలు రాసిన రోజుల్లో ఆ మాటకు అర్థం ఏమిటి, ఎలా ఇచ్చేవారు, నాకు పసితనంలో ఇచ్చింది లెక్కలోకి రాదా?" అని అడిగారు. చివర్లో మీ మరిది అడిగిన ప్రశ్న కూడా జోడించారు: నదే లేని యెరూషలేములో పెంతెకొస్తు పండుగనాడు, ఒక్కరోజున 3000 మందికి బాప్తిస్మం ఎలా ఇచ్చారని.

నేను వేదాంత కళాశాలలో ఇరవై రెండేళ్లుగా కొత్త నిబంధన గ్రీకు చెబుతున్నాను. సంఘ నియమం సంగతి మీ పాస్టరుగారితోనే తేల్చుకోవాలి. లేఖనం సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఈ విషయంలో మనవాళ్లు నీళ్లు కొలవడంలో పడి అసలు మాట వదిలేస్తున్నారని నా బాధ.

బాప్తిస్మం తెలుగు మాట కాదు. గ్రీకులో బాప్తిజో అనే క్రియ ఉంది, దాన్నుంచి వచ్చిన పేరు బాప్తిస్మ. మన అనువాదకులు దాన్ని తెలుగు చేయకుండా అలాగే ఉంచారు. అందువల్ల మన చెవికి అది పుట్టుకతోనే చర్చి మాట. పౌలు ఉత్తరం చదువుతుంటే కూర్చుని విన్న రోము విశ్వాసికి అలా కాదు. ఓడ సముద్రంలో మునిగిపోతే వాళ్లు వాడే క్రియ అదే. ప్లూటార్కు అనే రచయిత, తర్వాత రోము చక్రవర్తి అయిన ఓతో గురించి రాస్తూ, అతను అప్పుల్లో నిండా మునిగి ఉన్నాడనడానికి ఇదే క్రియ వాడాడు. మనమూ అంతేగా, అప్పుల్లో మునిగిపోయాడంటాం, కొంప ముంచాడంటాం. మన "ముంచు"లో ఉన్న బరువంతా ఆ గ్రీకు మాటలోనూ ఉంది.

ఇంకొక్క ఉదాహరణ చెబుతాను, ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. క్రీ.పూ. 35 ప్రాంతంలో యెరికోలోని రాజభవనపు కొలనులో అరిస్టొబూలు అనే కుర్రవాడు ఈత కొడుతున్నాడు. పద్ధెనిమిదేళ్లు నిండీ నిండని వయసు, అప్పటికే ప్రధాన యాజకుడు. జనం అతన్ని ఇష్టపడుతున్నారని బావ హేరోదు రాజుకు కంటగింపు. రాజు పంపిన మనుషులు ఆటలాడుతున్నట్టు నటిస్తూ అతన్ని నీళ్లలో ముంచి, ఊపిరి ఆగేదాకా అదిమిపట్టారు. చరిత్రకారుడు జోసెఫస్ ఈ హత్య రాసినప్పుడు వాడిన క్రియ కూడా బాప్తిజోనే.

అలాగని అన్నిచోట్లా నిండా మునగడమే అనుకోవడానికీ లేదు. లూకా 11:38లో యేసు భోజనానికి ముందు చేతులు కడుక్కోలేదని పరిసయ్యుడు ఆశ్చర్యపోతాడు. గ్రీకులో అక్కడున్నదీ ఈ క్రియే. మార్కు 7:4లో గిన్నెలు, కుండలు, ఇత్తడి పాత్రలు కడగడానికి వాడిన పేరు కూడా ఈ కుటుంబంలోదే. కాబట్టి "గ్రీకులో దీనికి మునగడమనే ఒక్క అర్థం ఉంది, చర్చ అయిపోయింది" అని ఎవరైనా అంటే తొందరపడుతున్నారని అర్థం. మాట ఒక్కటే తీర్పు చెప్పదు, అది ఎక్కడ వాడారో చూడాలి.

యెరూషలేములో దేవాలయపు దక్షిణ గోడ కింద తవ్వకాల్లో మెట్ల కొలనులు చాలా బయటపడ్డాయి. నేను ఒకసారి వెళ్లి ఒకదాని అంచున చాలాసేపు కూర్చున్నాను. రాతిలో తొలిచిన గుంట, లోపల సున్నపు పూత, కిందికి దిగే మెట్లు. కొన్నిటిలో మెట్ల మధ్యన పొడుగునా ఒక చిన్న గట్టు ఉంటుంది. అపవిత్రంగా ఒక పక్కనుంచి దిగి, మునిగి, శుద్ధుడై రెండో పక్కనుంచి ఎక్కిరావడానికి ఆ ఏర్పాటు. వీటిని మిక్వే అంటారు. చేదతో తోడిపోసిన నీళ్లు పనికిరావు, వాననీరో ఊటనీరో తనంతట తాను చేరాలి. శవాన్ని ముట్టినా, ఒంట్లో స్రావం ఉన్నా, ఆలయానికి వెళ్లేముందు ఇందులో మునిగేవారు. మృతసముద్రం ఒడ్డున కుమ్రానులో ఉన్న సమాజమూ ఇలాంటి కొలనులే కట్టుకుంది. మనసు మారనివాణ్ణి ఏ నీళ్లూ శుద్ధి చేయవని వాళ్ల నియమావళిలో రాసుకున్నారు.

గమనించండి, ఈ స్నానాలన్నిటిలో మనిషి తనంతట తానే మునుగుతాడు. ఎవరూ ముట్టుకోరు, ఎవరూ ముంచరు. కుష్ఠరోగి నయమాను యొర్దానులో ఏడుసార్లు మునిగింది కూడా అలాగే (2 రాజులు 5:14). పాత నిబంధన గ్రీకు అనువాదంలో అక్కడ మన బాప్తిజో క్రియే ఉంది, కానీ "తనను తాను ముంచుకున్నాడు" అనే రూపంలో. ఇది ఒక్కసారితో అయిపోయేదీ కాదు. అపవిత్రత వచ్చినప్పుడల్లా మునగాలి.

యోహాను వచ్చి ఈ పద్ధతి మార్చాడు. అతని దగ్గర ఎవరూ తమంతట తాము మునగరు, అతను ముంచుతాడు. అందుకే బాప్తిస్మమిచ్చు యోహాను అన్న పేరు అతనికి అంత గట్టిగా అంటుకుంది, జోసెఫస్ కూడా అతన్ని ఆ బిరుదుతోనే పిలిచాడు. ఇది పూటపూటా చేసే శుద్ధి కాదు. మారుమనస్సుకు గుర్తుగా, పాపక్షమాపణ కోసం పొందేది. దీన్ని ఇచ్చిన చోటు కూడా ఆలయం పక్కనున్న కొలను కాదు, అరణ్యంలో యొర్దాను. యెహోషువ జనాన్ని దాటించి దేశంలోకి తెచ్చిన నది అది. వాగ్దాన దేశంలోనే పుట్టి పెరిగినవాళ్లను మళ్లీ ఆ నది దగ్గరికి పిలిపించి "అబ్రాహాము మాకు తండ్రి అని చెప్పుకోవద్దు" అన్నాడంటే, మీరు మొదటినుంచి మళ్లీ లోపలికి రావాలని చెప్పడమే. బలిపీఠం ఉన్న ఊరిని వదిలి నది ఒడ్డున క్షమాపణ ప్రకటిస్తే ప్రధాన యాజకులకు ఎలా ఉంటుందో ఊహించండి. యేసు ఆలయంలో వాళ్లను అడిగిన ప్రశ్న దీనిమీదే: యోహాను బాప్తిస్మము పరలోకమునుండి కలిగినదా, మనుష్యులనుండి కలిగినదా? వాళ్లు నోరు మెదపలేకపోయారు.

మన వాడుకలో "బాప్తిస్మం తీసుకున్నాను" అంటాం. మన పాత అనువాదం మాత్రం "బాప్తిస్మము పొందుడి" అంటుంది. నాకు రెండోదే ఇష్టం. తీసుకోవడంలో చేయి మనది. పొందడంలో ఇచ్చే చేయి వేరొకరిది.

ఇక యేసు పొందిన బాప్తిస్మం. పాపం లేనివాడు పాపక్షమాపణ బాప్తిస్మానికి ఎందుకు వచ్చాడన్నది తొలి సంఘాన్ని బాగానే ఇబ్బంది పెట్టింది. మార్కు ఏ వివరణా లేకుండా రాసేశాడు. మత్తయిలో యోహాను వద్దని అడ్డుపడతాడు. నాకు ముఖ్యంగా కనిపించేది, తర్వాత యేసు ఈ మాటను తన గురించి వాడిన తీరు. శిష్యులైన యాకోబు, యోహానులు కుడివైపు, ఎడమవైపు సీట్లు అడిగినప్పుడు ఆయన "నేను పొందుచున్న బాప్తిస్మము మీరు పొందగలరా?" అంటాడు (మార్కు 10:38). అప్పటికి యొర్దాను సంగతి ఎప్పుడో అయిపోయింది. ఆయన చెబుతున్నది తన చావు గురించి. యెరికో కొలనులో కుర్రవాడికి పట్టిన గతి గుర్తు చేసుకుని ఈ వచనం చదవండి.

పౌలు దగ్గరికి వద్దాం, మీ ప్రశ్నకు ఇక్కడే చాలావరకు జవాబు ఉంది. కొరింథు సంఘంలో నేను పౌలువాడిని, నేను అపొల్లోవాడిని అని గుంపులు కట్టారు. ఎవరి చేత బాప్తిస్మం పొందారో దాన్నిబట్టి గొప్పలు చెప్పుకుంటున్నారని ఉత్తరం చదివితే తెలుస్తుంది. క్రీ.శ. 55 ప్రాంతంలో ఎఫెసునుంచి రాసిన జవాబులో పౌలు అడుగుతాడు: పౌలు మీకొరకు సిలువ వేయబడెనా? పౌలు నామమున మీరు బాప్తిస్మము పొందితిరా? తర్వాత క్రిస్పుకు, గాయుకు తప్ప ఎవరికీ ఇవ్వలేదంటాడు. వెంటనే ఆగి, స్తెఫను ఇంటివారికి కూడా ఇచ్చానంటాడు. ఇంకెవరికైనా ఇచ్చానేమో నాకు తెలియదంటాడు. ఆ సంఘాన్ని స్థాపించినవాడు, ఎవరెవరిని ముంచాడో గుర్తు పెట్టుకోలేదు! ఎన్ని నీళ్లలో ముంచాడో అసలు చెప్పనే లేదు. ఎవరి నామమున అన్నది మాత్రం వదల్లేదు.

ఈ "నామమున" అన్నదాన్ని మనం ప్రార్థన చివర్లో వచ్చే మాటలా దాటేస్తాం. ఈజిప్టు ఇసుకలో దొరికిన ఆనాటి పాపిరస్ కాగితాల్లో, డబ్బుగానీ ధాన్యంగానీ ఒకరి ఖాతాలో జమకట్టేటప్పుడు "ఫలానావారి నామములోనికి" అని రాసేవారు. ఇందుకు మన తెలుగులో చక్కటి మాట ఉంది. పొలం కొడుకు పేర రాశాడంటాం. కాగితం మీద పేరు మారిందంటే ఆ పొలం ఇక వేరొకరిది. క్రీస్తు నామమున బాప్తిస్మం పొందడమంటే మనిషిని ఆయన పేర రాయడం. మత్తయి చివర్లో తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామము, అపొస్తలుల కార్యాల్లో యేసుక్రీస్తు నామము అని ఉన్నదాన్ని పట్టుకుని మన దగ్గర సంఘాలు చీలిపోయాయి. ఆ రెండింటిలోనూ మనిషిని ఎవరి పేర రాస్తున్నారన్నది ఒక్కటేనని నా నమ్మకం.

రోమీయులకు రాసిన ఉత్తరం ఆరో అధ్యాయంలో ఇంకా లోతుకు దిగుతాడు. తను ఇంకా చూడని సంఘానికి కొరింథునుంచి రాస్తూ, "మీరు ఎరుగరా?" అని మొదలుపెడతాడు. అంటే అందరికీ తెలిసిన సంగతే గుర్తు చేస్తున్నాడు. క్రీస్తు మరణంలోకి బాప్తిస్మం పొందాం, ఆయనతో కూడా పాతిపెట్టబడ్డాం అంటాడు. ఆ క్రియలో ఊపిరాడక మునిగిపోవడం అనే అర్థం అప్పటికే ఉంది కాబట్టి వినేవాళ్లకు ఇది వింతగా తోచి ఉండదు, భయంగా తోచి ఉంటుంది. శవం తనను తాను పాతిపెట్టుకోలేదు. ఇక్కడ కూడా చేసే చేయి మనది కాదు. పౌలు ఇదంతా ఎత్తింది "కృప ఉంది కదా, పాపంలోనే ఉండిపోదామా?" అన్న ప్రశ్నకు జవాబుగా. నీళ్ల లోతు గురించి ఎవరూ అతన్ని అడగలేదు.

నిజమే, సమాధి పోలిక ముంచడంలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నాకది పదహారేళ్ల వయసులో మా ఊరి కాలువలో జరిగింది. పాస్టరుగారు మడతపెట్టిన చేతిరుమాలు నా ముక్కుకు అదిమి, వీపు వెనక అరచెయ్యి పెట్టి వెనక్కి వాల్చారు. నీళ్లు చెవుల్లోకి పోయేసరికి గట్టున పాడుతున్న పాట టక్కున ఆగిపోయినట్టయింది. ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. మళ్లీ లేపగానే పాట అదే చరణంలో ఉంది. మీ అత్తగారి సంఘం ముంచడాన్ని ఎందుకంత ప్రేమగా పట్టుకుంటుందో నాకు అందుకే తెలుసు. ఆ గుర్తును ఎవరూ తేలిక చేయకూడదు.

కానీ అపొస్తలుల కార్యాలు చదివితే ఒకే మూస కనపడదు. పెంతెకొస్తు రోజున మారుమనస్సు, బాప్తిస్మం, ఆత్మ అనే వరుస. సమరయలో బాప్తిస్మం ముందు, ఆత్మ ఎన్నాళ్లకో. కైసరయలో కొర్నేలి ఇంట్లో ఆత్మ ముందే దిగింది, నీళ్లు తర్వాత. గాజా దారిలో ఐతియొపీయుడు రథం ఆపించి "ఇదిగో నీళ్లు, నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమి?" అన్నాడు. అతను నపుంసకుడు, ద్వితీయోపదేశకాండం 23:1 ప్రకారం సమాజంలో చేరనివ్వని మనిషి. ఆటంకమేమి అని అతను అడగడంలో ఎంత బతుకు ఉందో చూడండి. అతనికి లేఖనం వివరించిన ఫిలిప్పు ఏ షరతూ పెట్టలేదు. "నీవు పూర్ణహృదయముతో విశ్వసించినయెడల" అనే 8:37 వచనం అతి ప్రాచీన ప్రతుల్లో లేదు, తర్వాత ఎవరో నకలు రాస్తూ చేర్చారు. షరతు లేకుండా ఇచ్చేయడం ఆ రోజుల్లో కూడా కొందరికి మింగుడుపడలేదన్నమాట.

ఫిలిప్పీ చెరసాల నాయకుడి సంగతి నాకు అన్నిటికంటే ఇష్టం. అర్ధరాత్రి భూకంపం, ఆ గందరగోళంలోనే అతను చెరలో ఉన్న పౌలును, సీలను తీసుకెళ్లి వాళ్ల వీపుల మీద దెబ్బలు కడిగాడు. వెంటనే అతనూ అతని ఇంటివాళ్లందరూ బాప్తిస్మం పొందారు (16:33). ముందు అతను వాళ్ల గాయాలు కడిగాడు, తర్వాత వాళ్లు అతన్ని కడిగారు. క్రీ.శ. 400 ప్రాంతంలో క్రిసోస్తొము అనే బిషప్పు ఈ సంగతి మీద ప్రసంగిస్తూ సరిగ్గా ఇదే చూపించాడు. ఆ రాత్రి అది తొట్టిలో నీళ్లో, బావి నీళ్లో లూకా చెప్పలేదు.

"ఇంటివాళ్లందరూ" అన్నచోట పసిపిల్లలు ఉన్నారా లేరా? లూదియ ఇల్లు, చెరసాల నాయకుడి ఇల్లు, స్తెఫను ఇల్లు, వేటిలోనూ పిల్లల ప్రస్తావన లేదు. ఉన్నారని గానీ లేరని గానీ లేఖనాన్ని చూపించి ఒట్టు పెట్టలేం. అయితే ఆ కాలంలో ఇల్లంటే దాసులు, పిల్లలు అందరూ కలిసినది, యజమాని ఎటు వెళితే ఇల్లు అటే. క్రీ.శ. 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీలో తెర్తుల్లియను అనే క్రైస్తవ రచయిత పసిపిల్లలకు తొందరపడి ఇవ్వొద్దని వాదించాడు. ఇచ్చే అలవాటు అప్పటికే ఉంటేనే కదా వద్దనేది.

నీళ్ల కొలత మీద తొలి సంఘం ఏమనుకుందో చెప్పే మంచి సాక్ష్యం దిదాకే అనే చిన్న గ్రంథం. 1873లో కాన్‌స్టాంటినోపులులో ఒక పాత చేతిరాత పుస్తకంలో దొరికింది, 1883లో అచ్చయింది. కొత్త నిబంధన కాలానికి అతి దగ్గరిది. దాని ఏడో అధ్యాయం ఇలా చెబుతుంది: పారే నీళ్లలో ఇవ్వండి. పారే నీళ్లు లేకపోతే వేరే నీళ్లలో, చల్లటివి కుదరకపోతే వేడివాటిలో. అవీ లేకపోతే తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున తలమీద మూడుసార్లు పోయండి. ఇచ్చేవాళ్లు, పొందేవాళ్లు ముందు ఉపవాసం ఉండాలి. పారే నీళ్లే వాళ్లకు ఇష్టమని తెలిసిపోతోంది. పోసినా చెల్లుతుందనీ తెలిసిపోతోంది.

మీరు జ్ఞానస్నానం అన్న మాట రాసేటప్పుడు కాస్త మొహమాటపడ్డట్టనిపించింది. అక్కర్లేదు. క్రీ.శ. 155 ప్రాంతంలో రోములో యుస్తీను అనే క్రైస్తవ రచయిత తన సమర్థన గ్రంథంలో ఈ స్నానాన్ని "వెలిగింపు" అంటారని రాశాడు. హెబ్రీయులకు రాసిన పత్రికలోని "వెలిగింపబడినవారు" అన్న మాటను కూడా చాలామంది ఈ అర్థంలోనే చదివారు. కథోలికుల తెలుగు మాటలో ఆ పాత వెలుగు ఇంకా ఉంది.

మీ మరిదిగారి 3000 ప్రశ్నకు యెరూషలేము కొలనులే జవాబు. ఆలయం చుట్టూ పండుగ జనం కోసం కట్టిన మెట్ల కొలనులు పదులకొద్దీ ఉన్నాయి. వాటికి తోడు 2004లో మురుగు గొట్టం బాగుచేస్తుంటే బయటపడిన సిలోయము కోనేటి మెట్లు చూస్తే అదెంత పెద్దదో అర్థమవుతుంది. ఇచ్చేవాళ్లు పన్నెండుమందే అనుకున్నా, ఒక్కొక్కరికి 250 మంది. ఇది కుదురుతుందని మన నేలమీదే తేలింది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి వద్ద, ఒక్కరోజున 2222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు. మిషనరీ క్లౌ తను నీళ్లలో దిగలేదు. అంతకు ముందు కరువు సాగినన్నాళ్లూ తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. ఆ వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. దాసుడని స్వతంత్రుడని లేదు అన్న గలతీ పత్రిక మాటను బాప్తిస్మపు మాట పక్కనే పౌలు ఎందుకు రాశాడో ఆ నది ఒడ్డున నిలబడ్డవాళ్లకు ఎవరూ వివరించాల్సిన పని ఉండి ఉండదు.

ఇక మీ సంగతి. కొత్త నిబంధనలో బాప్తిస్మం పొందినవాళ్లు మళ్లీ పొందిన సందర్భం ఒక్కటే, అపొస్తలుల కార్యములు 19. ఎఫెసులో పన్నెండుమంది వరకూ శిష్యులు. పౌలు వాళ్లను "మీరు దేనిలోకి బాప్తిస్మం పొందారు?" అని అడిగాడు. యోహాను బాప్తిస్మం అన్నారు. అప్పుడు ప్రభువైన యేసు నామమున మళ్లీ పొందారు. అక్కడ కొరత పేరులో ఉంది. నీళ్లు చాలలేదని ఎవరినైనా మళ్లీ ముంచిన సంగతి నాకు ఒక్కటి కూడా కనపడలేదు. మీకు మూడో నెలలో ఇచ్చింది తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున ఇచ్చారు, అందువల్ల దాన్ని చెల్లనిదనడానికి నాకు ధైర్యం చాలదు. మీ పాస్టరుగారు విశ్వాసం నోటితో ఒప్పుకున్నాకే బాప్తిస్మం అంటారు. ఆ మాటకూ లేఖనంలో బలం ఉంది, పెంతెకొస్తు రోజునుంచీ ఉంది. ఆయన్ని తప్పుపట్టకండి. ఆయన కాలువలోకి పిలిస్తే మీరు వెళ్లొచ్చు, వెళ్లకపోవచ్చు. వెళితే మాత్రం, పాతది ఉత్తదని ఒప్పుకోవడానికి కాకుండా, మీ నోటితో ఆయన పేరు చెప్పడానికి వెళ్లండి. మీ అమ్మగారికి కూడా ముందే ఆ మాట చెప్పండి, లేకపోతే ఆవిడ గుండె చిన్నబోతుంది.

ఒక పని చేయండి. మీకు జ్ఞానస్నానం ఇచ్చిన గుడిలో రిజిస్టరు ఉంటుంది, అడిగితే ఫాదరుగారు పత్రం రాసిస్తారు. దాన్ని తీసుకుని మీ పాస్టరుగారి దగ్గరికి వెళ్లి, ఇద్దరూ కూర్చుని 19వ అధ్యాయం మొదటి ఏడు వచనాలు చదవండి.